ఇక్కడే ఉంటాడని రాసిన కాయితం

మా ఇనుప బీరువాలో చీరల కంటే కాయితాలే ఎక్కువగా ఉన్న కాలం ఒకటి నడిచింది. పై అరలో నా పెళ్లి చీర. దాని కింద ఇంటి పన్ను రసీదు, కోరుట్లలో తీసుకున్న ఆఫీసు గదికి అద్దె ఒప్పందం, నోటరీ చేయించిన అఫిడవిట్లు, ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫోటోల కట్టలు. మా పాప లెక్కల నోటుబుక్కు ఒకసారి వాటిలో కలిసిపోయి, పాపం పిల్ల టీచరమ్మ చేత తిట్లు తిన్నది. కాపలావాళ్లను పెట్టే కంపెనీ నడపడానికి సర్కారు ఇచ్చే లైసెన్సు కోసం ఈ తిప్పలన్నీ. నాకసలే కోపం ఎక్కువ. ఆ కాయితాలు నా చేత ఎన్ని తిట్లు తిన్నాయో వాటికే తెలియాలి.

మా ఊరు కోరుట్ల పక్కన. జిల్లాలు విడిపోయి కొత్త పేర్లు వచ్చినా ఎవరైనా అడిగితే మేము కరీంనగర్ అనే చెప్తాం. మా గల్లీలో ఇంటికొక మగమనిషి గల్ఫులో ఉంటాడు. మా ఆయన కూడా అంతే. పెళ్లి చేసుకుని, పసుపు బట్టలు పాతబడకముందే విమానం ఎక్కాడు. దుబాయ్‌లో ఒక ఎత్తయిన భవనం గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు పని. ఎవరి బండి ఎప్పుడు లోపలికి వచ్చింది, ఎప్పుడు బయటికి వెళ్లింది, ఎవరికి ఏ ఫ్లాటు, అన్నీ ఆయనకు తెలుసు. మా ఇంట్లో గ్యాసు సిలిండరు ఎక్కడ పెడతామో మాత్రం సెలవు మీద వచ్చిన ప్రతిసారీ నన్నే అడిగేవాడు. పాప పుట్టినప్పుడు లేడు, నడిచినప్పుడు లేడు. అది చాలాకాలం బాపు అంటే ఫోనులో ఉండే మనిషి అనుకుంది.

ఆ ఏడాది ఎండాకాలంలో సెలవు మీద వచ్చినప్పుడు ఆయనలో ఏదో మారింది. పాపను బడికి దింపి వచ్చి, గడప మీద కూర్చుని, "గీసారి పోబుద్ధి అయితలేదు" అన్నాడు. ఆ మాట ప్రతిసారీ అంటాడు కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ ఈసారి దానికి ఒక దారి కూడా కనిపించింది. నా పుట్టిల్లు ఆదిలాబాద్. మా బాపు అక్కడ పత్తి జిన్నింగ్ మిల్లులో తూకం గుమాస్తాగా చేసి మానేశాడు. పత్తి రోజుల్లో మిల్లు ఆవరణలో కొండంత పత్తి పడి ఉంటుంది, ఒక్క బీడీ నిప్పు చాలు. నమ్మకమైన కాపలా దొరకక ఆ మిల్లు సేటు ప్రతి ఏడాదీ పరేషాన్ అవుతాడు. అల్లుడు కాపలా కంపెనీ పెడతాడని మా బాపు చెప్తే ఆయన సరేనన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. పత్తి రాకముందే లైసెన్సు చేతిలో ఉండాలి, లైసెన్సు లేని వాళ్లను గేటు దగ్గర నిలబెట్టనన్నాడు.

ఇటు చూస్తే దుబాయ్ వీసాకు ఒక గడువు ఉంది. ఆ దేశం బయట ఆరు నెలలు దాటితే వీసా చెల్లదు. మా ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"లైసెన్స్ అస్తే ఉంట. రాకుంటే ఆరు నెలలు నిండకముందే పోత. రెండూ పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు."

"అచ్చేదాక ఊకుంటనా?" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన కంటే నాకే ఆ లైసెన్సు ఎక్కువ కావాల్సి వచ్చింది.

మా ఇంట్లో మేము మెథడిస్టు సంఘం వాళ్లం. ఊరి చర్చిలో స్త్రీల కూడిక జరిగినప్పుడు ఎవరికి ఏం కావాలో చెప్తే అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఇన్నేళ్లుగా నేను విన్న విన్నపాల్లో సగం వీసాలవే. ఫలానా వారి కొడుక్కి వీసా రావాలి, ఫలానా వారి అల్లుడికి మెడికల్ పాసు కావాలి. నా వంతు వచ్చినప్పుడు లేచి, మా ఆయన పోకుండా ఉండే కాయితం రావాలని అడిగాను. పాస్టరమ్మ "పోయేటందుకు చేసినం గని, పోకుంట ఉండేటందుకు ఎన్నడు చెయ్యలేదమ్మా" అని నవ్వి, కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. ఆమె పెద్ద కొడుకు కూడా గల్ఫులోనే, మస్కట్‌లో ఉన్నాడు.

ప్రార్థనతో పాటు కాయితాలూ నడవాలి కదా. కరీంనగర్ కోర్టు దగ్గర ఒక ఆడిటర్ ఈ పనులు చేయిస్తాడని తెలిసి వెళ్లాం. ఆయన చెప్పుకుంటూ పోతుంటే నేను రాసుకోవడం మానేసి బిత్తరపోయి చూశాను. గార్డులకు ట్రైనింగ్ ఇచ్చే సంస్థతో ఒప్పందం ఉండాలి. పీఎఫ్, ఈఎస్ఐ రిజిస్ట్రేషన్లు ఉండాలి. ఏ ఏ జిల్లాల్లో పని చేస్తామో ముందే చెప్పాలి. యూనిఫాం ఫోటో పెట్టాలి. అన్నిటికీ మించి, కంపెనీ పెట్టే మనిషి మీద కేసులు లేవని, ఇచ్చిన చిరునామాలోనే ఉంటున్నాడని పోలీసులు విచారించి రిపోర్టు పంపాలి.

"పోలీస్ రిపోర్టుదేముందమ్మా, గది అలకగనే అయితది" అన్నాడు ఆడిటర్. తర్వాత చాలా రోజులు నాకు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండేది.

యూనిఫాం నేనే కుట్టాను. నాకు ఇంట్లో కుట్టుమిషను ఉంది, గల్లీ ఆడవాళ్ల జాకెట్లన్నీ నేనే కుడతాను. గార్డు అంటే ఖాకీయే కదా అని మంచి ఖాకీ గుడ్డ తెచ్చి, భుజాల మీద పట్టీలు పెట్టి, నడుముకు బెల్టు లూపులు వేసి కుట్టాను. మా ఆయన తొడుక్కుని బయటికి వస్తే కిరాణం కొట్టాయన లేచి నిలబడ్డాడు. పాప దండం పెట్టింది. ఫోటో తీయించుకుని కరీంనగర్ వెళ్తే ఆడిటర్ తల పట్టుకున్నాడు. పోలీసులలాగా, మిలిటరీ వాళ్లలాగా కనిపించే బట్టలు గార్డులకు పనికిరావట. చట్టంలోనే ఉందట. "ముందే చెప్తే ఏం పోయింది సార్ మీకు?" అని గట్టిగానే అడిగాను. మా ఆయన నా కొంగు పట్టుకుని లాగాడు. మళ్లీ నీలం చొక్కా, నల్ల ప్యాంటు కుట్టాను, చేతి మీద మా పాప పేరుతో బ్యాడ్జీ. కంపెనీకి దాని పేరే పెట్టాడు ఆయన. ఆ ఖాకీ చొక్కా ఇప్పుడు కుట్టుమిషను మీద కప్పి ఉంటుంది.

ఫైలు వెళ్లింది. వానలు పడ్డాయి. మా ఆయన గార్డులుగా చేరేవాళ్లను వెతుక్కుంటూ ఉట్నూర్ వైపు ఊళ్లకు వెళ్లాడు. ఆ అడవి ఊళ్లల్లో ఫోను సిగ్నలు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉండదు. అదే రోజు నేను లైనింగు గుడ్డ కోసం కరీంనగర్ వెళ్లాను, పాప బడిలో ఉంది. సాయంత్రం బస్సు దిగి గల్లీలోకి వస్తుంటే అందరి మొహాల్లో ఏదో గొప్ప పని చేసిన సంబరం కనిపించింది.

ఇక్కడ మా గల్లీ అలవాటు ఒకటి చెప్పాలి. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి గల్ఫు నుంచి వచ్చినవాడి ఇల్లు అడిగితే మా దగ్గర ఎవరూ చూపించరు. చుట్టమైతే వరుస పెట్టి అడుగుతాడు, మామ ఇల్లేది, బావ ఇల్లేది అని. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, దాని వెనక తండ్రి పేరు కలిపి అడిగేవాడు చుట్టం కాదని మా చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాడు వీసా ఏజెంటు మనిషైనా అయి ఉండాలి, కంపెనీ వదిలేసి చెప్పకుండా వచ్చినవాణ్ని వెతుక్కుంటూ వచ్చినవాడైనా అయి ఉండాలి. అలా వచ్చిన వాళ్ల వల్ల మా గల్లీలో రెండు మూడు ఇళ్లు చాలా కష్టపడ్డాయి. అందుకని అందరిదీ ఒకటే జవాబు. ఆయన ఇక్కడ లేడు.

ఎదురింటి పెద్దవ్వ నన్ను చేయి పట్టుకుని తన గడప మీద కూర్చోబెట్టింది. ఆమె మా అత్త వయసు మనిషి, అత్త పోయినప్పటి నుంచి నాకు అత్తలాంటిదే. ప్రతి ఏడాదీ మల్లన్న దేవుడికి ముగ్గుల పట్నాలు వేయిస్తుంది, క్రిస్మస్‌కు మా ఇంట్లో అరిసెలు వత్తుతుంది.

"ఎవడో అచ్చిండు బిడ్డా, బండి మీద. నీ పెనిమిటి పేరు, మీ మామ పేరు, అన్ని పెట్టి అడిగిండు. నాకు సమజైంది. గాయన ఈడ యాడ ఉన్నడు, దుబాయ్ల ఉంటడు అన్న. ఎప్పుడస్తడంటే, నాకేం ఎరుక, అచ్చెనో రాకపాయెనో అన్న."

"కిరాణంల గుడ అడిగిండంట. కటింగ్ షాపుల గుడ అడిగిండంట. అందరు ఒక్కటే మాట చెప్పిండ్రు" అని ఆమె కోడలు అందుకుంది.

నేను ఆ వచ్చినవాడు ఏజెంటు మనిషే అనుకున్నాను. మంచి పని చేశావు పెద్దవ్వా అని ఆమె చేతిలో కరీంనగర్ నుంచి తెచ్చిన మిక్చరు పొట్లం పెట్టాను. రాత్రి మా ఆయన ఫోను కలిసినప్పుడు కూడా ఈ సంగతి నవ్వుకుంటూ చెప్పాను.

కొన్నాళ్లకు ఆడిటర్ ఫోను చేసి రమ్మంటే ఇద్దరం వెళ్లాం. ఫైలు వెనక్కి వచ్చింది. పోలీసు విచారణలో మా ఆయన ఇచ్చిన చిరునామాలో నివసించడం లేదని తేలిందట. విదేశంలో ఉంటున్నాడని ఇరుగుపొరుగు చెప్పారట. బండి మీద వచ్చినవాడు మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్. ముందు ఫోను చేశాడు, మా ఆయన ఫోను కలవలేదు.

ఆడిటర్ ఆ కాయితం నా ముందు పెట్టాడు. 'సదరు వ్యక్తి ఈ చిరునామాలో నివసించడం లేదు.' నాకు ఏడుపు వచ్చింది. లైసెన్సు పోయిందని మాత్రమే కాదు. ఇన్నేళ్లూ ఆ మాట నిజంగా నిజమే. పాపకు జ్వరం వచ్చిన రోజు నిజం, అత్తను సమాధి చేసిన రోజు నిజం, నేను ఒక్కదాన్నే తలుపు గడియ పెట్టుకుని పడుకున్న రాత్రులన్నీ నిజం. అప్పుడు ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు. మనిషి మొదటిసారి ఉండిపోదామని ఇంట్లో ఉంటే, లేడని ముద్ర వేసి పంపారు. బస్సులో వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇంటికి వచ్చాక మా ఆయన బీరువా తెరిచి పాస్‌పోర్టు తీసి, తారీఖు చూసుకుని మళ్లీ లోపల పెట్టాడు. ఆయన అలా తారీఖు చూసుకుంటే నాకు కాయితం కంటే ఎక్కువ భయం వేసింది.

నేను గల్లీలో నిలబడి అరిచాను. నిజం చెప్పాలంటే మంచిగానే అరిచాను. కిరాణం ఆయన షట్టరు సగం దింపాడు. పెద్దవ్వ మాత్రం చీర కొంగు నోట్లో పెట్టుకుని నిలబడిపోయింది.

"పోలీసాయననా గాయన? గట్లయితే నేను పోలీసుకు అబద్ధం చెప్పిన్నా?"

"చెప్పినవ్."

"జైల్ల ఏస్తరా?"

"నిన్ను ఏస్తె మంచిగుండు. నా మొగుడు పోవుడాయె" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకు నాకే నవ్వు వస్తుంది. అప్పుడు మాత్రం ఇద్దరం ఒకరి మెడ మీద ఒకరం పడి ఏడ్చాం.

తెల్లారి పెద్దవ్వే ముందు తయారైంది. పండుగకు కట్టుకునే చీర కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చి, ఠాణకు పోదాం పా అంది. కిరాణం ఆయన, కటింగ్ షాపు ఆయన, పెద్దవ్వ కోడలు, మేమిద్దరం, అందరం ఒక ఆటోలో ఇరుక్కుని వెళ్లాం. గల్ఫు ఊళ్ల వాళ్లకు పోలీసు స్టేషను మెట్లు ఎక్కడం అంటే మామూలు సంగతి కాదు. కిరాణం ఆయన దారి పొడుగునా ఏమైతది ఏమైతది అని అడుగుతూనే ఉన్నాడు.

ఎస్సై తలెత్తి చూశాడు. "ఏందమ్మా, గింతమంది? కొట్లాటనా?"

"కాదు సార్, సాక్ష్యం" అన్నాను.

నేను చెప్పబోతుంటే పెద్దవ్వ ముందుకు వచ్చింది. "నేను అబద్ధం చెప్పిన సార్. పిలగాడు ఊళ్లెనే ఉన్నడు. ఎవడో ఏజెంటోడు అచ్చిండనుకోని లేడని చెప్పిన. నన్ను ఏమన్న జేసుకోన్రి, గని వాని కాయిదం ఖరాబ్ చెయ్యకున్రి."

ఆ రోజు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఆయన లేచి వచ్చి పెద్దవ్వను గుర్తుపట్టాడు. "సార్, గీ అవ్వనే. నేను గల్లంత తిరిగిన. ఒక్కడు గుడ ఇల్లు చూపియ్యలే. మంచినీళ్లు ఇచ్చిండ్రు, ఇల్లు చూపియ్యలే. గాయన కంపెనీ పెడితే గార్డులను బయటికెళ్లి తెచ్చుకునుడెందుకు సార్, వీళ్లనే పెట్టుకుంటే సరిపాయె."

ఎస్సై పడి పడి నవ్వాడు. తర్వాత మామూలుగా చెప్పాడు. రిపోర్టు వెళ్లిపోయింది కాబట్టి తుడిపేయడం కుదరదు. మళ్లీ విచారణ చేయమని మేము దరఖాస్తు పెట్టుకోవాలి. పైనుంచి ఉత్తర్వు వస్తే మళ్లీ మనిషిని పంపిస్తానన్నాడు. "ఫికర్ జెయ్యకు అవ్వా. గీసారి మాత్రం నిజం చెప్పు" అన్నాడు. పెద్దవ్వ ఆయనకు రెండు చేతులతో దండం పెట్టింది. బయటికి వచ్చాక ఆటోవాడితో సహా అందరం చాయ్ తాగాం, ఆ చాయ్ అంత బాగా ఎప్పుడూ కుదరలేదనిపించింది.

మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు. ఆదిలాబాద్ నుంచి మా బాపు ఫోను చేసి చేన్లల్లో పత్తి కాయలు పగులుతున్నాయని చెప్పేవాడు. మా ఆయన దుబాయ్ కంపెనీ నుంచి ఎప్పుడొస్తున్నావని మెసేజీలు వచ్చేవి. ఆయన చూసి జవాబివ్వకుండా ఫోను బోర్లా పెట్టేవాడు. నేను మిషను తొక్కుతూ లోపల్లోపల ప్రభువుతో పోట్లాడేదాన్ని. ఇన్నిసార్లు అడిగినవన్నీ పక్కన పెట్టు, ఇది ఒక్కటి చెయ్యమని.

కానిస్టేబుల్ రెండోసారి వచ్చేటప్పుడు యూనిఫాంలోనే వచ్చాడు. గల్లీ మొదట్లోనే కిరాణం ఆయన ఎదురెళ్లి తీసుకువచ్చాడు. కటింగ్ షాపు ఆయన సగం గడ్డంతో ఉన్న మనిషిని కుర్చీలో వదిలేసి వచ్చాడు. అందరూ ఒకేసారి చెప్తుంటే కానిస్టేబుల్ చెవులు మూసుకుని, పెద్దవ్వ ఒక్కతే చెప్పాలన్నాడు. గడప మీద కూర్చుని కాయితం తీశాడు.

"చెప్పు అవ్వా. గీయన గీ ఇంట్ల ఎన్నేండ్లసంది ఉంటున్నడు?"

పెద్దవ్వ మా ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. నిజం చెప్పమన్నారు కదా, ఆమె నిజమే వెతుకుతోంది.

"ఇల్లయితె వానిదే నాయినా. ఈడనే పుట్టిండు. ఉండుడంటవా, ఉండుడు గిప్పుడే షురువైంది."

మా ఆయన తల దించుకున్నాడు. కానిస్టేబుల్ పెన్ను కాయితం మీంచి ఎత్తాడు. "గట్ల రాస్తే మల్ల వాపస్ అస్తది అవ్వా" అన్నాడు మెత్తగా. ఆయన తమ్ముడు కూడా సౌదీలో ఉన్నాడని ఆ తర్వాత చాయ్ తాగుతూ చెప్పాడు. ఏదో రాశాడు. నేను ఆగలేక, ఏం రాసిండ్రు సార్ అని అడిగాను.

"సదరు వ్యక్తి ఈ చిరునామాలోనే నివసిస్తున్నాడు" అని చదివాడు.

"ఇంకొక్కసారి చదువున్రి."

ఆయన విసుక్కోకుండా మళ్లీ చదివాడు. ఈసారి పాప కూడా వచ్చి నిలబడి విన్నది.

ఆరు నెలలు నిండడానికి ఇంకా కొద్ది రోజులు ఉన్నాయనగా లైసెన్సు మంజూరైందని ఫోనుకు మెసేజి వచ్చింది. మా ఆయన దాన్ని కరీంనగర్‌లో రంగుల్లో ప్రింటు తీయించి, అద్దం కట్టించి తెచ్చాడు. ఆదివారం చర్చిలో నేను లేచి సాక్ష్యం చెప్తుంటే పాస్టరమ్మ నాకంటే ముందే కళ్లు తుడుచుకుంది. ఆ వారమే ఉట్నూర్, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు ట్రైనింగ్ ముగించుకుని, నేను కుట్టిన నీలం చొక్కాలు వేసుకుని ఆదిలాబాద్ మిల్లు గేటు దగ్గర నిలబడ్డారు.

మా ఆయన పొద్దున్నే వాళ్ల డ్యూటీలు చూడటానికి ఆదిలాబాద్ వెళ్లిన ఒక రోజు, నేను కిటికీ పక్కన మిషను తొక్కుతున్నాను. గల్లీలో బండి ఆగింది. కొత్త మనిషి, చేతిలో ఒక కవరు. మా ఆయన పేరు ఇంటిపేరుతో సహా, మా మామ పేరుతో సహా అడిగాడు. ఈసారి నిజంగా ఏజెంటు మనిషే. వీసా గడువు అయిపోతోంది, టికెట్ వేయమంటారా అని కనుక్కోవడానికి వచ్చాడు.

నా కాలు మిషను మీద ఆగిపోయింది. ఎదురుగా పెద్దవ్వ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కిటికీలోంచి ఒకసారి నా వైపు చూసింది.

"ఉన్నడు" అంది.

"ఏడున్నడు? జర పిలువున్రి."

"ఈడనే ఉంటడు. గిప్పుడు ఆదిలాబాద్ వోయిండు, పని మీద. పొద్దుమీకి, చీకటి పడంగనే ఇంటికస్తడు."

"మల్ల దుబాయ్ ఎప్పుడు పోతడో..."

"దుబాయ్ ఎందుకు పోతడు? పొద్దుమీకి ఇంటికస్తడంటున్న, సమజ్ గాలేదా?"

ఆ మనిషి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. పెద్దవ్వ మళ్లీ చిక్కుడుకాయల మీద పడింది. నాకు ఇక కుట్టబుద్ధి కాలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, రాత్రికి అలవాటు కొద్దీ నాకూ పాపకూ మాత్రమే కొలిచి పెట్టిన బియ్యంలో ఇంకో గ్లాసు పోసి కడిగాను.